వెనక గంట వినిపిస్తున్నంతసేపు

ఆదివారం పొద్దున్నే అమీర్‌పేట నిద్రపోతుందంటే బయటివాళ్ళు నమ్మరు. వారమంతా కోచింగ్ సెంటర్ల బోర్డులు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి అరుస్తున్నట్టుంటాయి. హాస్టల్ పిల్లలు ఇడ్లీ బండి చుట్టూ ప్లేట్లు పట్టుకుని నిలబడే ఉంటారు. ఆ ఒక్క పూట మాత్రం మెట్రో స్తంభాల కింద కుక్కలు కాళ్ళు చాపుకుని పడుకుంటాయి. తెల్లవారీ తెల్లవారని ఆ వెలుతురులో రోడ్డు ఎంత వెడల్పో అప్పుడే తెలుస్తుంది. నేనా రోడ్డును పాతికేళ్ళ పైబడి చూస్తున్నాను. అయినా ఆ పూట చూసినప్పుడల్లా ఇది వేరే ఊరేమో అనిపిస్తుంది.

అలాంటి ఒక చలికాలపు ఆదివారం, నేనూ నా భార్యా సైకిళ్ళు తొక్కడానికి హుస్సేన్‌సాగర్ దగ్గరికి వెళ్ళాం.

ముందు మా సంగతి చెప్పాలి. నా పని కిటికీలు కొలవడం. పంజాగుట్టలో ఒక కర్టెన్ల దుకాణం తరఫున ఇళ్ళకు వెళ్తాను. టేపు పట్టి ఎత్తూ వెడల్పూ చూసి, బట్ట ఎంత పడుతుందో అక్కడికక్కడే నోటితో చెప్పేస్తాను. పదో తరగతితో చదువాపేసిన నాకు ఈ లెక్క ఎవరూ నేర్పలేదు. బట్ట పాడుచేసి తిట్లు తిని నేర్చుకున్నాను. కిటికీ ఎంత వెడల్పుందో అంతే బట్ట తీసుకుంటే అది తెర కాదు, బిగదీసి కట్టిన దుప్పటి. రెండింతలు తీసుకోవాలి, అప్పుడే కుచ్చులు పడతాయి. కింద మడతకు ఇంకో జానెడు వదలాలి. బట్ట తక్కువైతే దాన్ని ఎవరూ పెంచలేరు. ఎక్కువైతే కత్తెర ఉండనే ఉంది. ఈ సూత్రం ఎప్పుడు నా టేపులోంచి నా బతుకులోకి దిగిందో నాకే తెలియదు. రైలుకైనా, పెళ్ళి భోజనానికైనా, ఆసుపత్రి చీటీకైనా నేను కొంత ఎక్కువ వదిలే లెక్క కడతాను.

నా భార్యదీ కొలతల పనే. జాకెట్లు కుడుతుంది. ఆమెది కాకినాడ, మాది మెదక్ పక్క పల్లె. లైనింగ్ గుడ్డ కోసం మా దుకాణానికి వచ్చినప్పుడు పరిచయమైంది. ఇన్నేళ్ళు కలిసి ఉన్నా ఆమె మాట ఆమెదే, నా మాట నాదే. ఆమె పనిలో ఒక పట్టుదల ఉంది. అందరూ పాత జాకెట్టు ఒకటి ఆది కింద పంపి, దాన్నిబట్టి కుట్టమంటారు. ఆమెకు అది నచ్చదు. "ఆది పెట్టి కుడితే నిరుటి మనిషికి కుట్టినట్టు" అంటుంది. శ్రీనగర్ కాలనీ ఇళ్ళకు తన స్కూటర్ మీద తనే వెళ్ళి, మనిషిని నిలబెట్టి, ఊపిరి పీల్చమని, వదలమని, అప్పుడు టేపు చుట్టి కొలత తీసేది. ఆమెకు పేరు వచ్చింది ఆ ఊపిరి కొలతతోనే.

ఆ ఏడు వానాకాలంలో పంజాగుట్ట ఫ్లైఓవర్ కింద ఆమె స్కూటర్ జారింది. వెనక వస్తున్న బస్సు ఆమె తలకు కొంచెం దూరంలో ఆగిందట. ఎంత దూరమని నేనెప్పుడూ అడగలేదు. ఆమె పడ్డ చోట ఉన్న మెట్రో స్తంభం నంబరు నాకు తెలుసు. ఈ ఊళ్ళో చిరునామాలు చెప్పుకునేది ఆ నంబర్లతోనే. కానీ ఆ నంబరు నేను నోటితో అనను. మణికట్టు ఎముక అతుక్కుంది. భయం మాత్రం అతుక్కోలేదు, అలాగే విరిగి ఉండిపోయింది. స్కూటర్ సంగతి అటుంచి, రోడ్డు దాటడానికి కూడా పక్కన ఎవరో ఒకరు ఉండాలి. నేను వెంట ఉంటే తప్ప సందు దాటడం మానేసింది. ఇళ్ళకు వెళ్ళడం ఆగిపోయాక ఆది జాకెట్లే దిక్కయ్యాయి. చంకల దగ్గర బిగుతని ఒకరు, భుజం జారుతుందని ఒకరు, మెల్లగా వేరే వాళ్ళను చూసుకున్నారు.

మిగిలిన వాళ్ళలో శ్రీనగర్ కాలనీలో పెద్ద ఇల్లు ఒకటుంది. ఆ ఇంట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి నాయనమ్మ మంచం దిగలేని మనిషి, ఆమెకు కొలత ఇంటికి వచ్చే తీయాలి. ఆ ఇంటి మేడమ్ ఫోన్ చేసి, వస్తావో రావో ఆదివారంలోగా చెప్పమంది. నేను దింపుతానన్నాను.

"మీరు ఈ ఇంటికి దింపితే రేపు ఇంకో ఇంటికీ మీరే దింపాలి" అంది నా భార్య. "కుడితే నేనే వెళ్ళి కుడతాను. లేదంటే ఈ పని మానేస్తాను. ఫాల్స్ కుట్టుకుంటూ ఇంట్లో కూర్చుంటాను."

కోపంగా అంటే నేనేదో ఒకటి అనేవాణ్ణి. మామూలుగా, పప్పులో ఉప్పు సరిపోయిందా అన్నట్టు అంది. అందుకే నాకు భయమేసింది. ఆ రాత్రే ఆమె ఇంకో మాట కూడా అంది. చిన్నప్పుడు కాకినాడలో కుట్టు క్లాసుకు సైకిల్ మీద సముద్రం పక్కనుంచి వెళ్ళేదట. స్కూటర్ కన్నా ముందు సైకిల్ తొక్కి చూస్తానంది. బస్సులు లేని చోట, నీళ్ళ పక్కన. అది చేతనైతే ఆ మేడమ్‌కు వస్తానని చెప్తుంది. చేతకాకపోతే రానని చెప్తుంది.

అదీ సంగతి. అందుకే ఆ ఆదివారం.

ఆమె స్కూటర్ నేను నడిపాను, ఆమె వెనక కూర్చుంది. పంజాగుట్ట దగ్గరకు వచ్చేసరికి నా భుజం మీద ఆమె చేయి బిగిసింది. ఖైరతాబాద్ దాటాక వదులైంది. వంతెన దిగుతుండగా చెరువు కనిపించింది. మంచు నీళ్ళమీద ఎంత దట్టంగా పరుచుకుందంటే, మధ్యలో ఉన్న బుద్ధుడికి కింద రాతి దిమ్మె కనిపించలేదు. మనిషి గాలిలో నిలబడి ఉన్నాడు.

నెక్లెస్ రోడ్డు మొదట్లో చెట్టుకింద ఒకతను సైకిళ్ళు అద్దెకిస్తాడు. మంకీ క్యాప్, చేతిలో ఛాయ్.

"రెండు సైకిళ్ళు కావాలె అన్న. ఒకటి జర ఎత్తు తక్కువది" అన్నాను.

అతను నా భార్యను చూశాడు. "అక్క తొక్కుతదా?"

"కాదు, నువ్వు తొక్కుతుంటే వెనక కూర్చుందామని వచ్చాను" అంది ఆమె.

"అట్ల కాదక్కా! గేర్లది ఇయ్యాల్నా, మామూల్ది ఇయ్యాల్నా అని."

"గంట ఉన్నది ఇవ్వు బాబూ."

"గిప్పుడు గంట ఎవ్వలు అడుగుతలేరక్కా. అందరు ఫోన్ స్టాండే అడుగుతుండ్రు." వెతికి ఒక ఆకుపచ్చ సైకిల్ తెచ్చాడు. దానికి గుండ్రటి ఇత్తడి గంట ఉంది. ఆమె ఒకసారి మోగించి చూసి, తల ఊపింది.

నేను బ్రేకులు నొక్కి చూశాను. టైర్లను బొటనవేలితో నొక్కాను. గొలుసు ఎంత వదులుందో చూశాను. సీటు ఎత్తు ఆమె నడుముకు సరిపోయిందో లేదో జానతో కొలిచాను. మళ్ళీ బ్రేకులు నొక్కాను.

"అన్న, సైకిల్ తీస్కుంటున్నవా, సంబంధం చూస్తున్నవా?" అన్నాడతను.

నా భార్య నవ్వింది. చాలా రోజుల తరవాత విన్న నవ్వు. ఆ నవ్వుతోనే పని సగం అయిపోయిందని నేను లెక్క వేసుకున్నాను. ఆమె ఫోన్ కింద పడుతుందేమోనని తీసుకుని, నా ఫోన్‌తో పాటు నా భుజం సంచిలో పెట్టాను. "పోయేటప్పుడు నీళ్ళు నీ కుడిచేతికి ఉండాలె. పెద్ద జెండా ఉన్న పార్కు కాడ ఆగుదాం. ఆడికెళ్ళి ఎన్కకు. వచ్చేటప్పుడు నీళ్ళు ఎడమచేతికి. గంతే. ఆ ముంగటికి పోతే ట్యాంక్‌బండ్, ఆడ బస్సులుంటయ్" అని చెప్పాను.

ఆమె ఎక్కింది. మొదట హ్యాండిల్ పాములా తిరిగింది. కాలు కింద పెట్టింది. మళ్ళీ ఎక్కింది. నేను వెనక ఉండి చూసుకుంటూ వచ్చాను.

"ఎడమకు! జర ఎడమకు!"

ఆమె ఆగింది. మళ్ళీ కదిలింది.

"గుంత! ముంగట గుంత ఉన్నది, ఒక పదిహేను అడుగులు!"

ఆగింది.

"కుక్క! కుక్క సూడు!"

ఈసారి సైకిల్ దిగి, స్టాండ్ వేసి, నావైపు తిరిగింది. "ఏవండీ. ఆ కుక్క పడుకుని ఉంది. దాన్ని నేను దూరం నుంచే చూశాను. మీరు అరిస్తేనే అది లేచింది."

కుక్క కూడా నన్నే చూస్తోంది.

"మీరు ముందు వెళ్ళండి" అంది.

"ముంగట పోతే నువ్వు కానరావు గద."

"గంట కొడుతుంటాను. గంట వినిపిస్తోందంటే నేనున్నట్టు. వెనక్కి తిరిగి చూడకండి. చూస్తే సైకిల్ అక్కడే వదిలేసి ఆటో ఎక్కి ఇంటికి పోతాను."

ఒంటరిగా ఆటో ఎక్కలేని మనిషి ఆ మాట అంటోందని ఇద్దరికీ తెలుసు. అందుకే నేను ముందుకు వెళ్ళాను.

ఆ తరవాతి కాసేపటిని గురించి రాయాలంటే నాకు మాటలు సరిపోవు. లెక్కలు అసలే సరిపోవు. రోడ్డు నున్నగా ఉంది. తొక్కుతున్నానో, రోడ్డే నా కిందినుంచి జరిగిపోతోందో తెలియలేదు. కుడివైపు నీళ్ళు బూడిదరంగు పట్టులా, కదలీ కదలకుండా ఉన్నాయి. మంచు ఎక్కడో ఒకచోట పలచబడి, ఒక పడవ సగం కనిపించి మళ్ళీ పోయేది. అవతలి ఒడ్డున భవనాలు లేవు. ఒడ్డే లేదు. ఈ చెరువు ఎంత పెద్దదో నాకు బాగా తెలుసు, ఇటునుంచి అటు చూపు ఆనుతుంది. కానీ ఆ పూట దానికి అంచు లేదు. సముద్రమంటే ఇలాగే ఉంటుందేమో అనుకున్నాను. మురుగు వాసన కూడా వచ్చింది, రాలేదని అబద్ధం చెప్పను. అయితే చలిగాలిలో అది కూడా నాచు వాసనలా, ఏదో రేవు వాసనలా అనిపించింది. కొంగలు వరసగా రాళ్ళమీద, ఎవరో ఉతికి ఆరేసిన తెల్ల తువ్వాళ్ళలా ఉన్నాయి. ఎడమవైపు పట్టాలమీద ఒక లోకల్ రైలు దాదాపు ఖాళీగా వెళ్ళింది. దాని కిటికీలు ఒక్కొక్కటే వెలుగుతూ నీళ్ళదాకా వచ్చి ఆరిపోయాయి.

వెనక గంట.

ట్రింగ్. కాసేపు ఏమీ లేదు. ట్రింగ్.

మొదట గంటకూ గంటకూ మధ్య ఎంత సేపో మనసులో లెక్కపెట్టుకున్నాను. కొంతదూరం పోయాక ఆ లెక్క దానంతట అదే జారిపోయింది. గంట నా వెనక లేదు, నీళ్ళ మీద నుంచి వస్తోంది అనిపించింది. ఒకసారి కాకినాడ నుంచి వస్తోంది అనిపించింది. రిబ్బన్లు కట్టుకున్న ఒక ఆడపిల్ల, హ్యాండిల్‌కు కుట్టు సంచి తగిలించుకుని, ఉప్పుగాలికి ఎదురు తొక్కుతూ వస్తోంది. నేనామెను అప్పుడు చూడలేదు. ఇప్పుడూ చూడటం లేదు. చూడొద్దంది కాబట్టి. కానీ వింటున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమెను అంతసేపు చూడకుండా, అంత శ్రద్ధగా విన్నది ఆ ఒక్కసారే.

పెద్ద జెండా కనిపించింది. గాలి లేక అది స్తంభాన్ని కరుచుకుని నిద్రపోతోంది. అక్కడే నేను మాత్రమే చేయగలిగిన పొరపాటు చేశాను. గంట దూరంగా వినిపిస్తోంది. ఆమె ఎంత నిదానంగా వస్తోందో చూసుకుని, ఇక్కడికి రావడానికి ఇంత సేపని లెక్క కట్టాను. అలవాటుకొద్దీ దానికి ఇంకొంత కలిపాను, కింద మడతకు వదిలినట్టు. ఛాయ్ తాగే తీరిక ఉందనిపించింది. రోడ్డుకు వీపు పెట్టి ఛాయ్ బండి దగ్గర నిలబడ్డాను. బట్టలో ఎక్కువ వదిలితే నష్టం లేదు. మనిషి విషయంలో, ఆ ఎక్కువ వదిలిన కాలంలోనే మనం అటు తిరిగి నిలబడతాం.

వెనక నుంచి ఒక గుంపు వెళ్ళింది. అందరికీ ఒకే రంగు బనీన్లు, నెత్తిన హెల్మెట్లు, ఒకరితో ఒకరు కేకలు వేసుకుంటూ పాతికమంది దాకా. ఆ సందడిలో గంట మోగిందో లేదో తెలియదు. మోగినా, ఆమె ఒక్కతే నిదానంగా వస్తుందని ఎదురుచూస్తున్న నేను గుంపులో ఆమె కోసం చూడలేదు.

ఛాయ్ అయిపోయింది. రోడ్డు ఖాళీగా ఉంది. నేను వదిలిన అదనమూ అయిపోయింది. గంట లేదు.

మొదట నిదానంగా వెనక్కి తొక్కాను. ఏ చెట్టుకిందో కూర్చుని ఉంటుంది. చెట్లన్నీ చూశాను. తరవాత వేగం పెంచాను. అదే రోడ్డు, అదే నీళ్ళు. ఇప్పుడు నీళ్ళు ఎడమచేతికి ఉన్నాయి, చల్లగా ఉన్నాయి, అంతే. నడకకు వచ్చిన ఇద్దరు ఆడవాళ్ళను అడిగాను. ఆకుపచ్చ సైకిల్ చూడలేదన్నారు. గట్టు అంచులు వంగి చూశాను. ఎందుకు వంగి చూశానో రాయను.

మొదలైన చోటికే వచ్చి పడ్డాను.

"అక్క ఏదన్న?" అన్నాడు సైకిళ్ళతను.

"ఇక్కడికి రాలె?"

"రాలె. ఫోన్ కొట్టు."

"ఫోన్ నా సంచిల ఉన్నది."

"ఆమెదా?"

"ఇద్దరిది."

అతను ఛాయ్ గ్లాసు కింద పెట్టాడు. "ఇద్దరి ఫోన్లు ఒక్క సంచిలనా! నీ అసొంటోన్ని ఎన్నడు చూడలెన్న."

నేను మళ్ళీ సైకిల్ ఎక్కబోయాను. అతను హ్యాండిల్ పట్టుకున్నాడు. "ఎటు పోతవ్? నువ్వు ఇటు పోతే ఆమె అటు వస్తది. నువ్వు అటు పోతే ఆమె ఇటు వస్తది. చెరువు చుట్టు గుండ్రం గద? ఒక్కతాన కూసో. ఫికర్ చెయ్యకు, యాడికి పోతది?"

యాడికి పోతుందో అప్పుడు తట్టింది. నీళ్ళు కుడిచేతికి ఉంచుకుని తొక్కమన్నాను. నేను ముందున్నానని అనుకుంటోంది. నన్ను దాటిపోయిన సంగతి తెలియకపోతే, నీళ్ళను కుడిచేతికి ఉంచుకునే జెండా అవతలి మలుపు తిరుగుతుంది. ట్యాంక్‌బండ్ ఎక్కుతుంది. అక్కడ బస్సులుంటాయి.

గట్టుమీద కూర్చున్నాను. మంచు విడిపోతోంది. బుద్ధుడి కింద రాయి కనిపించింది. అవతల సన్నటి గీతలా ట్యాంక్‌బండ్ కనిపించింది, దాని మీద బొద్దింకల్లా కదులుతున్న బండ్లు కనిపించాయి. అంత దూరానికి బస్సు ఏదో కారు ఏదో పోల్చుకోవచ్చు, సైకిల్ మాత్రం కనిపించదు. అయినా నేను దాని కోసమే చూశాను. ఎండ నీళ్ళమీద విరిగి, విరిగిన ప్రతి ముక్కా ఒక ఇత్తడి గంటలా మెరిసింది. ఆ ముక్కల్లోంచి ఎక్కడో శబ్దం వస్తుందేమోనని చెవి పెట్టి కూర్చున్నాను.

వచ్చింది. కానీ నేను చూస్తున్న వైపు నుంచి కాదు. వీపు వెనక, ట్యాంక్‌బండ్ దిగి సచివాలయం వైపు నుంచి వచ్చే రోడ్డు మీద నుంచి. ట్రింగ్ ట్రింగ్ ట్రింగ్ అని, కోపంగా.

ఆమె నుదుటి మీద చెమట, జుట్టు చెదిరి ఉంది. చీర అంచుకు గొలుసు నూనె మరక. సైకిల్ దిగకుండానే మొదలుపెట్టింది.

"ఏంటండీ మీ స్పీడు! పోటీకొచ్చారా? జెండా దగ్గర ఆగుదామన్నది మీరే కదా! ఆగమని ఎంత గంట కొట్టాను! చేయి పడిపోయింది. వెనక పెళ్ళాం వస్తోందన్న ధ్యాస కూడా లేదు!"

"నేను ముంగట లేను" అన్నాను.

"లేకపోతే?"

"జెండా కాడ ఛాయ్ తాగుతున్న. నువ్వు నన్ను దాటి పోయినవ్."

ఆమె నావైపు చూసింది. సైకిళ్ళతనివైపు చూసింది. అతను అవునన్నట్టు తలాడించాడు. అప్పుడు వెనక్కి తిరిగి, తను వచ్చిన రోడ్డును చూసింది, చాలాసేపు. మెల్లగా సైకిల్ దిగి నా పక్కన గట్టుమీద కూర్చుంది. నేను ఆమె చేయి పట్టుకోబోయాను. ఆ చేతి బొటనవేలు ఇంకా గంట కొడుతున్నట్టే కదులుతోంది.

"మొత్తం చుట్టు తిరిగినవ్ తెలుసా?" అన్నాను. "బస్సుల నడుమకెళ్ళి. ఒక్కదానివే. మేడమ్‌కు ఫోన్ చెయ్, వస్తున్న అని చెప్పు."

"ఇది లెక్కలోకి రాదు" అంది.

"ఎట్ల రాదు?"

"మీరు ముందున్నారనుకునే కదా తొక్కాను. ప్రతి మలుపులో మీ నీలం చొక్కా కనిపించింది. నిజంగానే కనిపించిందండీ. ఇప్పుడే అక్కడ మలుపు తిరిగారు, ఇప్పుడే ట్యాంక్‌బండ్ మీది ఆ విగ్రహం వెనక్కి పోయారు అనుకున్నాను. బస్సు పక్కనుంచి వెళ్ళినప్పుడు కూడా, దీన్ని మీరు ముందే దాటి ఉంటారు కదా, మీకేం కాలేదు కదా, నాకూ ఏం కాదు అనుకున్నాను. నేను ఒంటరిగా తిరగలేదు."

నాకు లెక్కలంటే ఇష్టం కాబట్టి ఆలోచించాను. చూసేవాళ్ళకు రోడ్డు మీద ఒక్కతే ఉంది. ఆమెకు మాత్రం ఇద్దరున్నారు. రెండు లెక్కలూ సరిగ్గానే తేలాయి.

ఆమె లేచింది.

"ఎటు?"

"మళ్ళీ వెళ్ళొస్తాను. ఈసారి మీరు ఇక్కడున్నారని తెలిసి వెళ్తాను."

"అక్కా, గంట టైమ్ అయిపోవట్టె" అన్నాడు సైకిళ్ళతను.

"ఇంకో గంట రాసుకో."

సంచిలోంచి ఆమె ఫోన్ తీసి ఇవ్వబోయాను. వద్దంది. మోగితే ఆగాలి, ఆగితే మళ్ళీ ఎక్కడం కష్టమంది. ఈసారి సచివాలయం వైపు నుంచే వెళ్ళింది, నీళ్ళు ఎడమచేతికి పెట్టుకుని. చెట్ల నీడలూ ఎండా పడి ఉన్న ఆ రోడ్డు మీద ఆకుపచ్చ సైకిల్ ఒకసారి కనిపిస్తూ, ఒకసారి లేకుండా పోతూ, చివరికి లేకుండానే పోయింది. గంట వినిపించలేదు. ఎవరికోసం కొడుతుంది?

ఆమె ఫోన్ నా చేతిలోనే మోగింది. శ్రీనగర్ కాలనీ మేడమ్.

"ఏవమ్మా, ఏం అనుకున్నావు?"

"నేను మేడమ్, ఆమె ఇంటాయనను. సైకిల్ మీదున్నది."

"సైకిలా?" అవతలి గొంతు పెరిగింది. "స్కూటర్ మీద నుంచి పడ్డ మనిషికి సైకిల్ ఏంటండీ! మీరైనా చెప్పకూడదా?"

"చెప్పిన మేడమ్. గందుకే నన్ను ఈడ కూసోవెట్టి పోయింది."

"సరే, వస్తుందంటారా, రాదంటారా?"

ఎవరేమడిగినా అక్కడికక్కడే నోటితో చెప్పేసే మనిషిని నేను. నీళ్ళవైపు చూశాను. ఎండెక్కి, అవతలి గీత మీద బండ్లు ఎక్కువయ్యాయి.

"నాకు తెల్వదు మేడమ్. వచ్చినంక ఆమెనే చెప్తది" అన్నాను.

ఆమె వచ్చింది. వెళ్ళిన వైపు నుంచే, వెనక్కి తిరిగి వచ్చింది. నేను నిలబడ్డాను. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు. సైకిల్‌ను చెట్టుకు ఆనించి, నా సీసాలోని నీళ్ళన్నీ తాగేసింది.

"మొత్తం తిరగలేదు" అంది. "ట్యాంక్‌బండ్ సగందాకా వెళ్ళాను. బస్సు హారన్ కొట్టింది. కాళ్ళు రెండూ కింద పెట్టేశాను. ముందు చూస్తే మీ చొక్కా లేదు. ఎవరి చొక్కా కూడా లేదు. అక్కడ గట్టుకు ఆనుకుని నిలబడ్డాను. వణుకు తగ్గేదాకా నీళ్ళు చూశాను. మనం కూర్చున్న ఇటునుంచి చూస్తే బుద్ధుడు మనవైపు వీపు పెట్టినట్టుంటాడండీ, అదెప్పుడూ గమనించలేదు. ఒక పెద్దాయన నడుస్తూ వచ్చి, టైమెంతమ్మా అని అడిగాడు. తెలీదండీ అన్నాను. ఆయన కూడా నా పక్కన కాసేపు నిలబడి వెళ్ళిపోయాడు. తరవాత ఎక్కాను."

"ఎక్కినంక?"

"ఎక్కి, ఇటు వచ్చాను. బస్సులు వస్తూనే ఉన్నాయి. భయమేస్తూనే ఉంది. వస్తూనే ఉన్నాను."

ఫోన్ ఇవ్వమని చేయి చాపింది. ఇచ్చాను. కొంచెం అవతలికి వెళ్ళి మాట్లాడింది. నాకు ముక్కలు ముక్కలుగా వినిపించింది. "మంగళవారం మేడమ్... లేదు, ఆయన తీసుకురారు... ఆలస్యమైతే కంగారు పడకండి, మధ్యలో ఆగుతాను... నాయనమ్మ గారికి ముందు తీస్తాను."

ఇంటికి వెళ్ళేటప్పుడు స్కూటర్ నువ్వు నడుపుతావా అని అడిగాను. "పిచ్చా మీకు? కాళ్ళు లాగేస్తున్నాయి" అని వెనక ఎక్కి కూర్చుంది.

మంగళవారం నేను పనికి కొంచెం ఆలస్యంగా బయల్దేరాను. మా ఇంటి మూడో అంతస్తు బాల్కనీలోంచి సందు చివరిదాకా కనిపిస్తుంది. ఆమె స్కూటర్ స్టాండ్ తీసి, సీటు తుడిచి, టేపు మెడలో వేసుకునే బయల్దేరింది. సందు చివర పెద్ద రోడ్డు దగ్గర ఆగింది. రెండు కాళ్ళూ కింద పెట్టింది. ఆటోలు వెళ్ళాయి, హాస్టల్ పిల్లలు వెళ్ళారు, ఒక బస్సు వెళ్ళింది, ఇంకో బస్సు వెళ్ళింది. పొద్దుటి ఎండ మెట్రో పట్టాల మీంచి జారి ఆమె వీపు మీద పడింది. వెనక్కి తిరిగి చూస్తుందేమోనని నేను లోపలికి జరిగాను. మళ్ళీ తొంగిచూసేసరికి సందు చివర ఎండ ఒక్కటే ఉంది.